కొత్తగా తెచ్చుకున్న పిల్లి లిట్టర్ బాక్స్ వాడకపోతే ఏం చేయాలి

ముచ్చటపడి తెచ్చుకున్న పిల్లి మొదటి వారంలోనే పరుపు మీదో, సోఫా వెనకో, బాల్కనీలోని పూలకుండీల్లోనో మూత్రం పోస్తే ఇంట్లో సణుగుడు మొదలవుతుంది. కావాలనే చేస్తోందని ఒకరంటారు, మన మీద కోపంతో చేస్తోందని మరొకరంటారు. ఇంకొన్నాళ్లు గడిస్తే ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేద్దామన్న మాట కూడా వస్తుంది. చాలా పిల్లులు ఇల్లు కోల్పోయేది సరిగ్గా ఈ దశలోనే, అందుకే ఈ విషయం వివరంగా రాయాలనిపించింది. మూత్రం పోసి పగ తీర్చుకోవాలనే ఊహ పిల్లికి ఉండదు. అది లిట్టర్ బాక్స్, అంటే మలమూత్రాల కోసం లిట్టర్ అనే మట్టిలాంటి పదార్థం పోసి పెట్టే పెట్టె, వాడటం లేదంటే ఒంట్లో ఏదో బాధ ఉండాలి, లేదా పెట్టె నచ్చకపోయి ఉండాలి, పెట్టిన చోటు నచ్చకపోయి ఉండాలి, లేదా కొత్త ఇల్లు దాన్ని ఇంకా భయపెడుతూ ఉండాలి. కారణాన్ని ఈ వరుసలోనే వెతకడం మంచిది, ఎందుకంటే మొదటిదాన్ని వదిలేసి పెట్టెలూ లిట్టర్లూ మారుస్తూ కూర్చుంటే ఒక్కోసారి పిల్లి ప్రాణమే పోతుంది.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ, మూత్రమా మలమా, ఎంత పరిమాణంలో, అంతకు ముందు ఇంట్లో ఏం జరిగింది అన్నవి రాసుకుంటే చాలు. వారం తిరిగేసరికి మీకే ఒక వరుస కనిపిస్తుంది, పశువైద్యుడికి కూడా అంతకన్నా పనికొచ్చే సమాచారం మరొకటి ఉండదు.

ముందుగా ఒంట్లో బాధ ఉందేమో చూడాలి

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి రోజుకు సాధారణంగా రెండు నుంచి నాలుగు సార్లు మూత్రం పోస్తుంది, దాదాపు ఒకసారి మలవిసర్జన చేస్తుంది. కొత్త ఇంట్లో అడుగుపెట్టిన పిల్లి భయంతో మొదటి రోజు దేన్నీ ముట్టకుండా, మూత్రం కూడా పోయకుండా మంచం కింద నక్కి ఉండటం మామూలే. అయితే 24 గంటలు దాటినా మూత్రం జాడ లేకపోతే పశువైద్యుడికి ఫోన్ చేయాలి. మలం రెండు రోజుల వరకు రాకపోయినా, పిల్లి తింటూ హుషారుగా ఉంటే కాస్త ఆగి చూడవచ్చు.

మూత్రకోశంలో మంట, స్ఫటికాలు, రాళ్లు ఉన్న పిల్లి పెట్టెలోకి వెళ్లి కూర్చున్నప్పుడల్లా నొప్పి అనుభవిస్తుంది. కొన్నాళ్లకు దాని మనసులో నొప్పికీ పెట్టెకీ ముడి పడిపోతుంది, దాంతో నొప్పి లేని చోటు కోసం చల్లటి గచ్చునో, మెత్తటి పరుపునో వెతుక్కుంటుంది. అందువల్ల జబ్బు తగ్గిన తరువాత కూడా కొన్ని పిల్లులు పాత పెట్టె దగ్గరకు రావు. అలాంటప్పుడు వేరే ఆకారంలో ఉన్న కొత్త పెట్టెను వేరే చోట పెట్టడం తప్ప మార్గం లేదు.

మగపిల్లుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటి మూత్రనాళం చివర చాలా సన్నగా ఉంటుంది కనుక స్ఫటికాలు, జిగురు కలిసి ముద్దగా మారి దారిని పూర్తిగా మూసేయగలవు. అప్పుడు ఆ పిల్లి, సామెతలో చెప్పినట్టు, కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంది. పెట్టెలోకి వెళ్తుంది, కూర్చుంటుంది, ముక్కుతుంది, ఏమీ రాదు, బయటకు వచ్చి కింది భాగాన్ని ఆగకుండా నాకుతుంది, మళ్లీ వెళ్తుంది. బాత్రూంలో నీళ్లు పోయే జాలీ దగ్గర తెల్లటి టైలు మీద గులాబీ రంగు చుక్క ఒకటి కనిపించవచ్చు. చాలామంది దీన్ని మలబద్ధకమని అనుకుని పాలు పట్టి, తెల్లారాక చూద్దామని ఆగుతారు. ఆగకూడదు. మూత్రం పూర్తిగా ఆగిపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా సరే, తెరిచి ఉన్న ఆస్పత్రిని వెతుక్కుని వెళ్లాల్సిన పరిస్థితి అది. నొప్పి తగ్గుతుందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపగలదు.

ఏ ఇన్ఫెక్షనూ, రాయీ లేకుండా కేవలం ఒత్తిడి వల్ల మూత్రకోశం వాచే జబ్బు కూడా పిల్లుల్లో ఉంది. ఇల్లు మారడం, మనుషులు మారడం, ఇంట్లో మరో పిల్లి ఉండటం దీన్ని రేపుతాయి కనుక కొత్తగా తెచ్చుకున్న పిల్లుల్లో ఇది కనిపించే అవకాశం ఎక్కువ. పిల్లుల వైద్యుల సంఘాలైన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫిలైన్ ప్రాక్టిషనర్స్, ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఫిలైన్ మెడిసిన్ కలిసి పిల్లులు పెట్టె బయట పోసే సమస్యపై 2014లో వెలువరించిన మార్గదర్శకాల్లో ఈ జబ్బును విడిగా ఒక కారణంగానే పేర్కొన్నాయి. మూత్ర పరీక్ష చేయించకుండా దీన్ని అలవాటు దోషమని తేల్చేయకూడదు.

పర్షియన్ పిల్లిని తెచ్చుకున్నవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ జాతిలో మూత్రపిండాల్లో నీటి తిత్తులు ఏర్పడే వంశపారంపర్య వ్యాధి ఎక్కువ. మూత్రపిండాల జబ్బు, మధుమేహం ఉన్న పిల్లులు ఎక్కువ నీళ్లు తాగి ఎక్కువ మూత్రం పోస్తాయి, దాంతో పెట్టె తొందరగా తడిసిపోయి బయట పోయడం మొదలుపెడతాయి. పొడవాటి బొచ్చుకు వెనక భాగంలో లిట్టర్ గడ్డలు అంటుకుంటున్నా పిల్లికి ఇబ్బందే, అక్కడ బొచ్చు కత్తిరించి ఉంచితే సరిపోతుంది.

మూత్రం సరిగ్గా పెట్టెలోనే పోస్తూ మలం మాత్రం బయట చేస్తుంటే పొట్టను అనుమానించాలి. పిల్లికి పాలు పోయడం మన ఇళ్లలో ఆనవాయితీ. కానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి, పెట్టె దాకా వెళ్లే వ్యవధి ఉండదు. ముందు పాలు ఆపండి. వీధిలో పుట్టిన పిల్లులకు నులిపురుగులు, జియార్డియా వంటి పరాన్నజీవులు ఉండటం సాధారణం కనుక తాజా మలాన్ని చిన్న డబ్బాలో వేసుకుని పరీక్షకు తీసుకెళ్లడం మంచిది. గట్టిపడిన, గోలీల్లాంటి మలం వస్తుంటే నీళ్లు చాలడం లేదని అర్థం. పొడి ఆహారం మీదే బతికే పిల్లికి తడి ఆహారం కూడా కలపాలి, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టాలి, మన ఎండాకాలంలో మరీను.

మూత్రం పోయడం వేరు, చిమ్మడం వేరు

పిల్లి కూర్చుని నేల మీద మడుగులా పోస్తే అది మూత్రవిసర్జన. నిలబడి, తోక నిటారుగా లేపి, తోక కొస వణికిస్తూ గోడ మీదో, తలుపు మీదో, కర్టెన్ మీదో కొద్దిగా చిమ్మితే అది తన హద్దు గుర్తు పెట్టుకోవడం. ఈ రెండింటి చికిత్స పూర్తిగా వేరు. చిమ్మే పిల్లికి ఎన్ని రకాల లిట్టర్ మార్చినా ప్రయోజనం ఉండదు.

చిమ్మడానికి మొదటి మందు సంతాన నిరోధక శస్త్రచికిత్స. గండుపిల్లుల్లో దాదాపు పదింట తొమ్మిది ఆ తరువాత చిమ్మడం మానేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి. శస్త్రచికిత్స అయిన మర్నాడే మార్పు కనిపించదు, ఒంట్లోని హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆడపిల్లులు కూడా ఎదకు వచ్చినప్పుడు చిమ్ముతాయి. నాలుగు నుంచి ఆరు నెలల వయసులోనే ఈ శస్త్రచికిత్స చేయిస్తే చాలా పిల్లుల్లో ఈ అలవాటు మొదలే కాదు.

శస్త్రచికిత్స అయ్యాక కూడా చిమ్ముతుంటే ఎక్కడ చిమ్ముతోందో చూడండి. కిటికీ కిందా, వీధి తలుపు దగ్గరా అయితే బయట తిరిగే మరో పిల్లిని అది చూస్తోందన్నమాట, లేదా దాని వాసన పసిగడుతోందన్నమాట. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలోనూ, మెట్ల పక్కన కిటికీ ఉన్న ఫ్లాట్లలోనూ ఇది తరచుగా జరుగుతుంది. కిటికీ అద్దం కింది భాగానికి కాగితం అంటించి ఆ చూపును ఆపడం తేలికైన ఉపాయం. వీధి పిల్లులకు గుమ్మం దగ్గరే అన్నం పెట్టే అలవాటు ఉంటే, ఆ దయను వదులుకోనక్కర్లేదు, గిన్నెను గుమ్మానికి దూరంగా జరిపితే చాలు.

పెట్టె, అందులో పోసే లిట్టర్

దుకాణాల్లో అమ్మే చాలా లిట్టర్ ట్రేలు పెద్ద పిల్లికి చిన్నవి. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు పెట్టె పొడవు ఉండాలి, అంటే మామూలు పెద్ద పిల్లికి సుమారు 70 సెంటీమీటర్లు. ఇంత పెద్దది పెంపుడు జంతువుల దుకాణంలో దొరకకపోతే స్టీలు సామాన్ల, ప్లాస్టిక్ సామాన్ల దుకాణాల్లో బట్టలు దాచుకోవడానికి అమ్మే పెద్ద ప్లాస్టిక్ పెట్టె కొని, ఒక పక్క అంచును నేల నుంచి పది పన్నెండు సెంటీమీటర్లు ఉంచి కోసేయండి. కోసిన అంచును ఇసుక కాగితంతో నున్నగా రుద్దడం మరిచిపోకూడదు. పిల్లికూనలకూ, కీళ్ల నొప్పులున్న ముసలి పిల్లులకూ అంచు ఇంకా తక్కువ ఉండాలి. అడుగు ఎత్తున్న గోడను ఎక్కలేకే కొన్ని ముసలి పిల్లులు పెట్టె పక్కన నేల మీద పోస్తాయి, అదెంత దగ్గరగా వచ్చి ఆగిపోయిందో గమనిస్తే దాని ప్రయత్నం మనకు అర్థమవుతుంది.

మూత ఉన్న పెట్టెలు మనుషులకు నచ్చుతాయి. వాసన బయటకు రాదు కాబట్టి శుభ్రం చేయడం వాయిదా పడుతుంది, ఆ వాసనంతా లోపలే ఉండి పిల్లికి చుట్టుకుంటుంది. కొన్ని పిల్లులు మూతను పట్టించుకోవు. అయితే మీ పిల్లి బయట పోస్తోందంటే ముందుగా మూత తీసేయండి.

లిట్టర్ విషయంలో నా అభిప్రాయం గట్టిది. సన్నటి రేణువులుండి, తడి తగలగానే గడ్డకట్టే, ఏ సువాసనా కలపని బెంటొనైట్ మట్టితో మొదలుపెట్టండి. ఎక్కువ పిల్లులు ఇష్టపడేది అదే. ఈ మట్టి మన దేశంలోనే గుజరాత్‌లోని కచ్ లోనూ, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ ప్రాంతంలోనూ విరివిగా దొరుకుతుంది. ప్యాకెట్ మీద లావెండర్, నిమ్మ, గులాబీ బొమ్మలున్నవి మనుషుల ముక్కు కోసం తయారుచేసినవి, వాటిని వదిలేయండి. రెండు నెలలు కూడా నిండని పిల్లికూనలకు మాత్రం గడ్డకట్టే లిట్టర్ వద్దు, ఎందుకంటే అవి కనిపించినదల్లా నోట్లో పెట్టుకుంటాయి, మింగిన మట్టి కడుపులో ఉబ్బి గడ్డకట్టే ప్రమాదం ఉంది. వాటికి కాగితంతోనో చెక్కతోనో చేసిన గుళికలు నయం.

ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది ఇసుక వాడతారు. మెత్తటి ఇసుక పిల్లి పాదాలకు బాగుంటుంది, ముఖ్యంగా వీధిలో పుట్టినవాటికి అది తెలిసిన స్పర్శ. కానీ ఇసుక గడ్డకట్టదు, మూత్రమంతా అడుగుకు దిగి నిలిచిపోతుంది కనుక దాన్ని ఒకటి రెండు రోజులకోసారి మొత్తం మార్చగలిగినవారే వాడాలి. ఇల్లు కట్టడానికి తెచ్చిన గరుకు ఇసుకలో రాళ్లు గుచ్చుకుంటాయి. టింబర్ డిపోల నుంచి తెచ్చే రంపపు పొట్టు దుమ్ము పిల్లి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పెంపకానికి తెచ్చుకున్న వీధి పిల్లి కుండీల్లోనే పోస్తానని పట్టుబడితే దానికి మట్టి అలవాటు ఉందన్నమాట. పెట్టెలో లిట్టర్ మీద ఒక పొర తోటమట్టి వేయండి. పిల్లి పెట్టెలో పోయడం మొదలుపెట్టాక రోజురోజుకూ మట్టిని తగ్గిస్తూ లిట్టర్‌ను పెంచితే రెండు మూడు వారాల్లో మట్టి అవసరం తీరిపోతుంది. ఈలోగా కుండీల్లో మట్టి కనిపించకుండా గులకరాళ్లు పరచాలి. పరుపు, బొంత, ఉతకడానికి వేసిన బట్టల కుప్ప మీద పోసే పిల్లికి మెత్తదనం కావాలి. దానికి సన్నటి లిట్టర్ ఇచ్చి చూడండి, బట్టల బుట్టకు మూత పెట్టండి, పడకగది తలుపు కొన్నాళ్లు మూసి ఉంచండి. నున్నటి టైలు మీదా, వాష్‌బేసిన్‌లోనూ పోసే పిల్లికి లిట్టర్ చాలా పలుచగా పోసిన పెట్టె, లేదా ఏమీ పోయని ఖాళీ పెట్టె నచ్చవచ్చు.

పిల్లికి లిట్టర్ నచ్చిందో లేదో దాని పాదాలను చూసి చెప్పవచ్చు. నచ్చిన పిల్లి లోపలికి దిగి, కాసేపు గోకి, గుంట చేసి, పోసి, తిరిగి వాసన చూసి కప్పుతుంది. నచ్చని పిల్లి ముందు కాళ్లు రెండూ పెట్టె అంచు మీద ఆనించి, వెనక కాళ్లు మాత్రమే లోపల పెట్టి పోస్తుంది. పని కాగానే లిట్టర్‌ను ముట్టకుండా పక్కనున్న గోడనో, పెట్టె అంచునో, నేలనో గోకుతుంది. దిగేటప్పుడు ఒక్కొక్క పాదాన్నీ విదిలించి పరుగు తీస్తుంది. ఇలాంటివి చూస్తే బయట పోయడం మొదలు కాకముందే లిట్టర్ మార్చవచ్చు. ఏది ఇష్టమో తెలియకపోతే రెండు పెట్టెల్లో రెండు రకాలు పోసి పక్కపక్కన పెట్టండి. పిల్లే ఎంచుకుంటుంది.

లిట్టర్ ఐదారు సెంటీమీటర్ల లోతున ఉండాలి. చిల్లుల స్కూపర్‌తో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గడ్డలు తీసేయాలి. నిర్ణయించుకున్న లిట్టర్‌ను ఉన్నట్టుండి మార్చకూడదు, ధర తగ్గిందని వేరే రకం కొన్నా పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. గడ్డల సంఖ్యనూ, పరిమాణాన్నీ కళ్లతోనే లెక్క వేసుకోండి. గడ్డలు ఒక్కసారిగా చిన్నవై ఎక్కువైతే మూత్రకోశంలో మంట, పెద్దవై ఎక్కువైతే మూత్రపిండాల జబ్బో మధుమేహమో కావచ్చు. తీసిన గడ్డలను టాయిలెట్‌లో వేయకండి, బెంటొనైట్ నీళ్లలో ఉబ్బి అపార్ట్‌మెంట్ మొత్తం పైపులను మూసేస్తుంది. సంచిలో కట్టి చెత్త బండికి విడిగా ఇవ్వండి.

ఇంట్లో గర్భిణి ఉన్నప్పుడు పిల్లిని పంపేయమని పెద్దలు పట్టుబట్టడం మన కుటుంబాల్లో తరచుగా చూస్తాం. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించిన ఆ భయం నిరాధారం కాదు, కానీ పిల్లిని పంపేయనక్కర్లేదు. మలంలో వచ్చిన ఆ జీవి అంటుకునే స్థితికి చేరడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కనుక గర్భిణి కాకుండా ఇంట్లో మరొకరు రోజూ పెట్టె శుభ్రం చేసి చేతులు కడుక్కోవాలి, పిల్లికి పచ్చి మాంసం పెట్టకూడదు, దాన్ని వేటకు వదలకూడదు.

ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి

పిల్లుల సంఖ్యకు ఒకటి కలిపితే పెట్టెల సంఖ్య వస్తుంది. ఒక పిల్లికి రెండు, రెండు పిల్లులకు మూడు. ఒకే మూలలో మూడు పెట్టెలు వరుసగా పెడితే పిల్లి దృష్టిలో అవన్నీ కలిసి ఒక్కటే, ఎందుకంటే ఇంట్లో పాత పిల్లి ఆ దారిలో అడ్డంగా పడుకుంటే కొత్తదానికి మూడూ అందకుండా పోతాయి. ఇలా కాపు కాయడం చప్పుడు లేకుండా జరుగుతుంది. పాత పిల్లి ఊరికే తలుపు దగ్గర కూర్చుని చూస్తుంది, కొత్తది వెనక్కి తిరిగి వెళ్లి హాలు మూలలో పోస్తుంది. తిట్లు తినేది కొత్త పిల్లి.

మన ఇళ్లలో పెట్టెకు సాధారణంగా దొరికే చోటు బాత్రూం. మనుషులు స్నానం చేశాక ఆ గచ్చంతా తడిగా ఉంటుంది, బకెట్లో నీళ్లు పడే చప్పుడు, గీజర్, వాషింగ్ మెషిన్ తిరిగే మోత ఉంటాయి, పైగా ఎవరో ఒకరు లోపల ఉండి తలుపు వేసుకుంటారు. పాదాలు తడవడం పిల్లికి గిట్టదు. వేరే దారి లేక బాత్రూంలోనే పెట్టాల్సివస్తే తడి తగలని ఎత్తుపీట మీద పెట్టి, తలుపు మూసుకుపోకుండా కింద చెక్కముక్క అడ్డం పెట్టండి. బాల్కనీ అయితే ఎండ, వాన, కింద కుక్కల అరుపులు, పక్క ఫ్లాట్ మనుషులు అన్నీ ఉంటాయి. అక్కడ వల బిగించకుండా పిల్లిని వదలడం ఎలాగూ ప్రమాదమే. మనుషుల రాకపోకలు తక్కువగా ఉండి, పిల్లికి రెండు వైపుల నుంచీ బయటపడే దారి కనిపించే గది మూల అన్నింటికన్నా మంచిది. తిండి గిన్నె, నీళ్లు, పెట్టె ఒకే చోట ఉండకూడదు. తినే చోట మలవిసర్జన చేయడం పిల్లికి సుతరామూ ఇష్టం ఉండదు.

పోసిన చోట తుడవడం

ఈ భాగంలో మన ఇళ్లకు ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉంది. మూత్రం వాసన రాగానే మన చెయ్యి ఫినాయిల్ సీసా మీదకే పోతుంది. నల్ల ఫినాయిల్‌లోనూ, నీళ్లలో వేస్తే తెల్లగా మారే యాంటీసెప్టిక్ ద్రవాల్లోనూ ఉండే ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం విరిచి బయటకు పంపలేదు. తుడిచిన నేల మీద నడిచిన పిల్లి తన పాదాలను తానే నాకుతుంది, విషం అలా కడుపులోకి చేరుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో ఇవి ఉండకూడదు. నాఫ్తలీన్ ఉండలు కూడా అంతే. అమ్మోనియా ఉన్న క్లీనర్ల వాసన మూత్రం వాసనకు దగ్గరగా ఉండి పిల్లిని మళ్లీ అక్కడికే రప్పిస్తుంది. బ్లీచింగ్ ద్రవాన్ని మూత్రం మీద పోస్తే విషవాయువు వెలువడుతుంది, అది మనకూ హానికరమే.

తడిగా ఉన్నప్పుడే పాత గుడ్డతోనో కాగితంతోనో గట్టిగా అద్ది పీల్చేయాలి, రుద్దకూడదు, రుద్దితే పరుపులోకి ఇంకా లోపలికి దిగుతుంది. తరువాత పెంపుడు జంతువుల మూత్రం కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ ధారాళంగా పోసి, సీసా మీద చెప్పినంతసేపు ఆగి, అద్ది తీసి ఆరనివ్వాలి. అది దొరకకపోతే, ఎంజైములున్నాయని ప్యాకెట్ మీద రాసి ఉన్న బట్టల సబ్బుపొడిని ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, ఆరాక సర్జికల్ స్పిరిట్ పలుచగా చల్లి ఆరనివ్వండి. స్పిరిట్ పూర్తిగా ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకూడదు, దగ్గరలో పొయ్యి వెలిగించకూడదు. పాత మరకలు కంటికి కనిపించకపోతే గది చీకటి చేసి అల్ట్రావయొలెట్ టార్చి వేయండి, మెరుస్తూ కనిపిస్తాయి. శుభ్రం చేసిన చోట పిల్లి గిన్నెనో, ఆడుకునే వస్తువునో పెడితే అక్కడ మళ్లీ పోయడానికి అది వెనుకాడుతుంది.

ముక్కును మూత్రంలో రాయడం, కొట్టడం, నీళ్లు చిమ్మడం, అరవడం వంటివి చేస్తే పిల్లికి అర్థమయ్యేది ఒక్కటే, మీ ఎదుట మూత్రం పోయకూడదని. అప్పటి నుంచి అది మంచం కింద, బీరువా వెనక పోస్తుంది, పట్టుకోవడం మీకు మరింత కష్టమవుతుంది. భయం పెరిగితే మూత్రకోశం జబ్బు కూడా పెరుగుతుంది.

ఒక్క గదితో మళ్లీ మొదలుపెట్టడం

వైద్యుడు ఏ జబ్బూ లేదన్నాక, పెట్టె, లిట్టర్, చోటు సరిచేశాక కూడా బయట పోస్తుంటే కొత్త ఇల్లు దానికి పెద్దదైపోయిందని అనుకోవాలి. మూడు గదుల ఫ్లాటు మనకు చిన్నదే, అపరిచిత వాసనల మధ్య దాక్కునే పిల్లికి అందులో పెట్టె ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం కూడా కష్టం.

పరుపులూ దుప్పట్లూ తక్కువగా ఉన్న ఒక గదిని ఎంచుకోండి. ఒక మూల పెట్టె, ఎదురు మూల తిండి, నీళ్లు, మరో మూల దాక్కోవడానికి పక్కకు తిప్పిన అట్టపెట్టె, గోళ్లు గీరుకోవడానికి ఒక గోనెపట్టా చుట్టిన కర్ర ఉంచండి. పిల్లిని ఇచ్చినవారి దగ్గర నుంచి అది వాడిన పాత లిట్టర్ గుప్పెడు తెచ్చి కొత్తదాని మీద చల్లగలిగితే చాలా ఉపకరిస్తుంది, ఆ వాసనే దానికి దారి చూపుతుంది. కూనలు తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే పోస్తాయి కనుక ఆ వేళల్లో నెమ్మదిగా తెచ్చి పెట్టెలో దింపవచ్చు, కానీ కాళ్లు పట్టుకుని గోకించకూడదు. పెద్ద పిల్లిని అసలు ఎత్తుకెళ్లి దింపకూడదు. పెట్టెలో పోసినప్పుడు, బయటకు వచ్చాక మాత్రమే, ఇష్టమైన తిండి చిన్న ముక్క పెట్టండి.

రోజూ ఒకే వేళకు తిండి, ఒకే వేళకు పది నిమిషాల ఆట ఉంటే పిల్లి తొందరగా కుదుటపడుతుంది. చుట్టాలు వచ్చిన రోజున, వినాయక చవితి మైకులు మోగే రోజుల్లో, దీపావళి టపాసుల రాత్రి దాన్ని ఆ గదిలోనే కిటికీలు మూసి, లిట్టర్ పెట్టె కూడా అక్కడే ఉంచి వదిలేయండి. ప్లగ్గుకు పెట్టే పిల్లి ఫెరోమోన్ (పిల్లిని శాంతపరిచే వాసన రసాయనం) పరికరాలు కొన్ని పిల్లులకు పనిచేస్తాయి, వాటి మీదే ఆధారపడకూడదు. ఇంత చేసినా భయం తగ్గని పిల్లులకు పశువైద్యుడు కొన్నాళ్లు మందులు రాయవచ్చు. అందులో సంకోచించాల్సింది ఏమీ లేదు.

రెండు వారాల పాటు ఒక్క పొరపాటూ లేకుండా గడిచాక పక్క గది తలుపు తెరవండి, మొదట మీరు చూస్తుండగా కాసేపు, తరువాత ఎక్కువసేపు. మళ్లీ బయట పోస్తే ఒక గది వెనక్కి రండి. పెట్టెను మరో చోటికి మార్చాలనుకుంటే రోజుకు కొన్ని అంగుళాల చొప్పున జరుపుతూ వెళ్లండి, లేదా కొత్త చోట రెండో పెట్టె పెట్టి, పిల్లి దాన్ని వాడటం మొదలుపెట్టాకే పాతది తీయండి.

సంక్రాంతికో, పెళ్లికో నాలుగు రోజులు ఊరెళ్లాల్సి వస్తే పిల్లిని తిండి గిన్నెతో వదిలేసి తాళం వేయకండి. రోజూ ఒకసారి వచ్చి గడ్డలు తీసి వెళ్లే మనిషిని ముందే మాట్లాడుకోండి, ఆ మనిషిని మీరు వెళ్లకముందే రెండు మూడు సార్లు ఇంటికి పిలిచి పిల్లికి పరిచయం చేయండి, ఒక పెట్టె అదనంగా పెట్టండి, వాడుతున్న లిట్టర్ ప్యాకెట్ ఇంకొకటి కొని అతనికి కనిపించే చోట ఉంచండి. మగపిల్లి అయితే గడ్డలు కనిపించని రోజున మీకు వెంటనే ఫోన్ చేయమని చెప్పి, పశువైద్యుడి నంబరు కూడా ఇచ్చి వెళ్లండి.